జంటగా కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందు

విజయనగరంలో ప్రైవేటుగా చూసేవాళ్ల దగ్గర టైమ్ తీసుకున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్టు అని ఉంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం తప్పు కాదు.

– ఫీజు ఫోన్‌లోనే తేల్చుకోండి.

– విడిగా చెప్పిన మాట రెండోవారికి చేరుతుందా? ఇది మొదటి రోజే అడగాలి. కొందరు కౌన్సెలర్లు జంటలో ఒకరి రహస్యం ఇంకొకరి దగ్గర దాచరు. తెలియక నోరు జారితే ఇంటికెళ్లాక గొడవే.

– కొట్టడం, బెదిరించడం ఉంటే కలిసి కూర్చోవద్దు, ముందు ఒంటరిగా వెళ్లండి. ప్రమాదమైతే 112.

– మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర చుట్టాలు చూస్తారని టెన్షనా? (చూస్తారు కూడా.) ఆన్‌లైన్ సెషన్ అడగండి. తలుపు వేసుకునే గది, ఇయర్‌ఫోన్లు ఉండాలి.

– తీసుకున్న టైమ్ దాకా ఆగలేకపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.