నెట్‌వర్కింగ్ ప్యాచ్‌కు సరే అనే ముందు

మెర్జ్ విండో, అంటే లినక్స్ కెర్నెల్‌లోకి తర్వాతి వెర్షన్ కోసం కొత్త మార్పులు కలిపే సమయం, దగ్గర పడుతోంది. అది తెరిచి ఉన్న రెండు వారాలూ నెట్-నెక్స్ట్ (నెట్‌వర్కింగ్ కొత్త మార్పులు చేరే కోడ్ శాఖ) కొత్త ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, తీసుకోదు. ఒంగోలు, నెల్లూరుల్లో ఇంటి నుంచే లినక్స్ కెర్నెల్ పని చేసేవారు ఈ హడావుడిలో ఇవి వదిలేయకండి.

• ముందు ఎర్రర్ దారులు (ఏదైనా విఫలమైతే కోడ్ నడిచే మార్గాలు) చదవండి. ఎస్‌కేబీ అంటే కెర్నెల్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్‌ను ఉంచే బఫర్; మెమరీ తిరిగి ఇచ్చేసి విడుదల చేసిన ఎస్‌కేబీని మళ్లీ ముట్టుకుంటే మెమరీ పాడవుతుంది, దాడి చేసేవాడికి దారి దొరుకుతుంది. డ్రైవర్‌లో ప్యాకెట్ పంపే ట్రాన్స్‌మిట్ ఫంక్షన్ ‘బిజీ’ అని తిప్పి పంపితే ఎస్‌కేబీని అసలు విడుదల చేయకూడదు.

• పీఎస్‌కేబీ_మే_పుల్ (హెడర్ చదవడానికి కావలసినంత డేటా వరుసగా ఉండేలా చూసే ఫంక్షన్) తర్వాత పాత హెడర్ పాయింటరే వాడారా? బఫర్ చోటు మారి ఉండవచ్చు. మామూలు పరీక్షల్లో ఇది తరచూ బయటపడదు, అదే దీని దుర్మార్గం.

• స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నెల్‌తో మెమరీ అడగడం వద్దు, అది నిద్రపోవచ్చు.

• బైట్ల క్రమంలో తప్పులు పట్టడానికి స్పార్స్ (కోడ్‌ను పరిశీలించే సాధనం) నడపండి, కంటిని నమ్మకండి.

• దోష సవరణ అయితే ఏ పాత మార్పు వల్ల దోషం వచ్చిందో చెప్పే ‘ఫిక్సెస్’ వరుస ఉండాలి. స్థిర వెర్షన్లు (స్టేబుల్ కెర్నెల్స్) చూసేవారికి అదే ఆనవాలు.