సంక్రాంతికి మన తోటలో సేవా సంబరం: ఎలా చేయాలి?

సేవా సంబరం అంటే కాలనీవాళ్లను మన తోటకు పిలిచి, పండగ సందడి చేస్తూ ఒక మంచి పనికి చందా పోగుచేయడం. తోట అంటే ఎకరాలు అక్కర్లేదు. హైదరాబాద్ సైనిక్‌పురిలో పెరడైనా, కూకట్‌పల్లిలో మిద్దెతోటైనా చాలు. మిద్దె మీదైతే మాత్రం ఒకేసారి ఇరవై మందికి మించి ఎక్కనివ్వకండి. పిట్టగోడ దగ్గర ఒక పెద్దమనిషిని నిలబెట్టండి.

అన్నిటికంటే ముందు డబ్బు దేనికో తేల్చుకోండి. "సేవా కార్యక్రమాలకు" అంటే సరిపోదు. ఎంచుకున్న చోటికి స్వయంగా వెళ్లి ఏం కావాలో అడగండి. మేం ఒక వృద్ధాశ్రమానికి దుప్పట్లు ఇద్దామని వెళ్తే, దుప్పట్లు బీరువా నిండా ఉన్నాయి, పెద్దవాళ్ల డైపర్లకే ఇబ్బందిగా ఉందన్నారు. మొహమాటపడకుండా ఆ మాటే కరపత్రంలో రాశాం. చందాలు మీ ఖాతాలో వేయించుకోవద్దు, సంస్థ క్యూఆర్ కోడే గేటు దగ్గర పెట్టండి. ఆ సంస్థకు 80జీ (చందా ఇచ్చినవాళ్లకు ఆదాయపన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పండి: 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు మినహాయింపు రాదు.

పండగ మూడు రోజులూ వద్దు. భోగికి రెండు రోజుల ముందే సగం కాలనీ ఊళ్లకు బయల్దేరుతుంది. ఆ ముందు ఆదివారం పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ఆరింటికల్లా ముగించాలి, జనవరిలో అప్పటికి పొద్దు గుంకుతుంది. పక్కింటివాళ్లకు ముందే చెప్పి, వాళ్లనూ పిలవండి.

నెల ముందు నుంచే తోట పని ఉంటుంది. సరిగ్గా మూడు వారాల ముందు పేపర్ కప్పుల్లో మెంతులు చల్లండి. అడుగున చిల్లు మర్చిపోవద్దు. ఆ రోజుకు ఆకు పచ్చగా, కోతకు సిద్ధంగా ఉంటుంది. కప్పు ముప్పై రూపాయలకు పెట్టండి. పిల్లలు కోసుకోదగ్గ టమాటా, వంగ మొక్కలకు ఎర్ర రిబ్బన్ కట్టండి. పోయినసారి మేం కట్టలేదు, పచ్చి కాయలన్నీ రాలిపోయాయి.

ఇక అసలు సందడి సకినాలది. నీడలో పాత నూలు చీర పరిచి, తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి పెట్టుకోండి. చుట్టడం తెలిసిన అమ్మమ్మలను ఇద్దరిని కూర్చోబెట్టండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి సన్నగా మెలి తిరుగుతూ మూడు చుట్లుగా చీర మీద పడుతుంటే పిల్లలు కదలరు. వాళ్ల చేతికీ కాస్త పిండి ఇవ్వండి. వంకరగా వస్తే రానివ్వండి. పొయ్యి మాత్రం దూరంగా, పిల్లలు రాని చోట ఉండాలి.

చిన్నపిల్లలకు భోగిపళ్లు పోస్తే రేగుపళ్లతో పాటు చిల్లర, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు కలపండి. కింద పడ్డ చిల్లర పెద్ద పిల్లలు ఏరి, వాళ్లే హుండీలో వేయాలి. రేగు గింజలు గొంతుకు అడ్డం పడతాయి, పసివాళ్ల చేతికి వాటిని అందనివ్వకండి. గాలిపటాలు ఎగరేస్తే నూలు దారమే వాడండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది.

ఆరింటికి హుండీ చాప మీద బోర్లించి అందరి ముందే లెక్కపెట్టండి. మొత్తం పలక మీద రాసి, ఫొటో తీసి, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. వారంలోగా సంస్థ ఇచ్చిన రసీదు కూడా అక్కడే పెట్టాలి. మిగిలిన మెంతికప్పులు వాచ్‌మన్ ఇంటికి, ఊడ్చే అక్కలకు ఆ సాయంత్రమే ఇచ్చేయండి.