ముందు తిరుగు టికెట్ చూసుకోండి: అండమాన్‌లో ఒంటరిగా స్కూబా

మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. వయసు 43. 2022 నుంచి 2024 దాకా వరసగా మూడు డిసెంబర్లు ఒక్కదాన్నే అండమాన్ వెళ్లాను, స్కూబా కోసం, అంటే వీపు మీద గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునగడానికి. మొదటిసారి ముక్కు ముంచింది, రెండోసారి లెక్క ముంచింది, మూడోసారి నేనే సవ్యంగా మునిగాను. "ఎలా వెళ్లారు, ఎంతయింది, భయం వెయ్యలేదా" అని అడిగేవాళ్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇక కూర్చుని రాస్తున్నాను.

మొదట నెల తేల్చుకోవాలి. మా యార్డుకి సెలవులు ఎండాకాలంలోనే, మే నెలలో. కానీ సరిగ్గా అప్పుడే, కేరళ కంటే ముందే, నైరుతి రుతుపవనాలు అండమాన్‌ని తాకుతాయి. సముద్రం పోటెత్తుతుంది, నీళ్లు మసకబారతాయి, దీవుల మధ్య తిరిగే ఓడలు రద్దవుతుంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. వీలున్నవాళ్లు ఆ నెలల్లో వెళ్లండి. ఫిబ్రవరి, మార్చిల్లో యార్డులోకి రోజుకి లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే నేను సెలవడిగితే మా షావుకారు నన్ను కూడా కాటా వేసి పంపిస్తాడు. అందుకని నాకు మిగిలింది డిసెంబరు. ఆ నెల మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తుంటాయి కాబట్టి రెండో సగంలో పెట్టుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. అందరూ వెళ్లే రోజు నుంచి లెక్క మొదలుపెడతారు. స్కూబాకి అది పనికిరాదు. తిరుగు విమానం టైమ్ కాగితం మీద రాసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కెయ్యాలి. ఎందుకంటే ఆఖరి డైవ్ తర్వాత వెంటనే విమానం ఎక్కకూడదు. ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే 24 పెట్టుకుంటాను. కారణం చాలా తేలిక. గోలీ సోడా తాగారు కదా. గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాస్ నీళ్లలో కరిగి కుదురుగా ఉంటుంది, గోలీ నొక్కగానే బుస్సున పొంగుతుంది. నీళ్ల కింద ఒత్తిడికి మన ఒంట్లో కూడా నైట్రోజన్ అలాగే కరుగుతుంది, పైకొచ్చాక గంటల తరబడి నెమ్మదిగా బయటికి పోతుంది. అది పోకముందే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే విమానంలో కూర్చుంటే గోలీ నొక్కినట్టే. బుడగలు కీళ్లలోనో, నరాల్లోనో లేస్తే ప్రమాదం.

రెండోసారి నాకు తప్పింది ఈ లెక్కే. డైవింగ్ నేర్పే కోర్సు అయిపోయింది, ఇంకో రెండు డైవ్‌లు చేద్దామని ఆశ. మధ్యాహ్నం రెండింటికి బయటికి వస్తాం, పొద్దున్న ఏడింటికి విమానం. 17 గంటలు. "ఒక్క గంటే కదండీ తక్కువ" అన్నాను. యార్డులో అయితే ఈపాటికి బేరం తెగేది. ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, నా ఫిన్స్, అదే కాళ్లకి తొడిగే ఈత రెక్కలు, తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికి తగిలించేశాడు. ఆ రోజంతా ఒడ్డున కూర్చుని కొబ్బరిబోండాలు తాగాను.

కాబట్టి లెక్క ఇలా వెయ్యండి. ఆదివారం మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం అనుకోండి. శనివారం డైవ్ లేదు. ఆ పొద్దున్నే డైవ్‌లు చేసే హావ్‌లాక్ దీవి నుంచి ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి, మధ్యాహ్నం సెల్యులర్ జైలు చూడండి. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి ఏడు వరసలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఆఖరి డైవ్ శుక్రవారం. దాని వెనక కోర్సుకి నాలుగు రోజులు, ఆ వెనక ఒక రోజు ఖాళీ, దాని వెనక ప్రయాణం. ఆ ఖాళీ రోజు వాన కోసం, ఓడ రద్దు కోసం, చెవి కోసం. దాన్ని వేరే దేనికీ ఖర్చుపెట్టకండి. ఓడా విమానమూ ఒకే రోజు మాత్రం పెట్టుకోవద్దు.

పేర్లతో తికమక పడకండి. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అన్నారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీవిజయపురం చేశారు. ఆటో అతనికి పాత పేరే చెప్పండి.

గుంటూరు నుంచి నేను బెజవాడ వెళ్లి, పొద్దున్నే పినాకిని రైల్లో చెన్నై చేరి, రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు విమానం ఎక్కుతాను. విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. గన్నవరం నుంచి విమానంలో వెళ్లి మరో విమానం మారొచ్చు. కానీ రెండూ విడివిడి టికెట్లయితే మొదటిది ఆలస్యమైనా రెండోది మీ కోసం ఆగదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రైవేటు ఓడలో గంటన్నర, రెండు గంటలు. ఆ టికెట్లు కూడా ఇంటి దగ్గరే కొనేసుకోండి.

ఇక ముక్కు. సామాను కొనే ముందు, రూమ్ బుక్ చేసే ముందు దీని గురించి ఆలోచించాలి, ముఖ్యంగా మా యార్డు వాళ్లు. నీళ్లలో 10 మీటర్లు దిగేసరికి మన మీద ఒత్తిడి పైనున్నదానికి రెండింతలవుతుంది. చెవి లోపల ఉన్న గాలి నొక్కుకుపోతుంది. అప్పుడు ముక్కు మూసుకుని మెల్లిగా ఊది, లోపలికి గాలి పంపి సరిచెయ్యాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, అర మీటరుకోసారి. గమ్మత్తేమిటంటే లోతులో కంటే మొదటి నాలుగైదు మీటర్లలోనే చెవికి ఎక్కువ కష్టం. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ గాలి పోదు.

మొదటిసారి నేను బయల్దేరే ముందురోజు దాకా గోడౌన్‌లో తాలు కాయలు ఏరే చోటే ఉన్నాను. తుమ్ములు మాకు మామూలే కదా అనుకున్నాను. హావ్‌లాక్‌లో మూడు మీటర్లు దిగేసరికి ఎడమ చెవిలో ఎవరో దబ్బనం పెట్టి తిప్పుతున్నట్టు. అక్కడితో సరి, డైవ్ ఆపేశారు, డబ్బు పోయింది. ఆపడమే మంచిదయింది. బలవంతంగా ఊదితే కర్ణభేరి చిరిగేది. అప్పటి నుంచి ప్రయాణానికి పది రోజుల ముందే గోడౌన్ గుమ్మం ఎక్కను, బిల్లులు బయటికి తెప్పించుకుంటాను. ముక్కులో స్ప్రే కొట్టుకుని దిగుదామని మాత్రం అనుకోకండి. అది నీళ్లలో ఉండగానే పని చెయ్యడం మానేస్తే పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చెవి చూపించుకోండి. గుంటూరు వాళ్లకి ఆసుపత్రుల కొత్తపేట ఎలాగూ ఉంది.

డాక్టరు అంటే గుర్తొచ్చింది. డైవింగ్ సెంటర్లో ఒక ఆరోగ్య ఫారం నింపిస్తారు. ఆస్తమా, గుండె, ఫిట్స్, చెవి ఆపరేషన్లు, గర్భం, ఇలా అన్నీ అడుగుతారు. దేనికైనా అవును అని రాస్తే డాక్టరు సంతకం లేకుండా దిగనివ్వరు. ఆ ఫారం ముందే తెప్పించుకుని ఇంటి దగ్గరే నింపండి, సంతకం కావాలంటే ఇక్కడే చేయించుకుని వెళ్లండి. అబద్ధం రాయకండి.

ఈత రాకపోయినా ఒకసారి రుచి చూసే డైవ్ చెయ్యొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తిప్పుతాడు, లోతు 12 మీటర్లు మించదు. డైవింగ్ నేర్పే మొదటి కోర్సుకి, అంటే ఓపెన్ వాటర్ కోర్సుకి మాత్రం ఈత కావాలి. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, టైమ్ లెక్క లేదు. పది నిమిషాలు నీళ్ల మీద తేలాలి. నాకు అప్పట్లో ఈత వచ్చేది కాదు. 40 దాటాక పొద్దున్నే ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరి ఏడు నెలలు నేర్చుకున్నాను. మా అమ్మ, "చెరువు గట్టు ఎక్కనిదానివి, సముద్రంలో దూకుతావటే" అంది. కోర్సు అయితే 18 మీటర్ల దాకా దిగొచ్చు. పాఠాలు ఫోన్లో ఇంటి దగ్గరే చదివేసుకుంటే దీవిలో ఒక రోజు మిగులుతుంది. ఖర్చు 30 వేల చుట్టుపక్కల ఉంటుంది, రూమూ ప్రయాణమూ కాకుండా.

సెంటర్‌ని ఎంచుకునేటప్పుడు చేపల ఫోటోలు చూడకండి. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమందిని అప్పజెబుతారు? పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ ఉంటుందా? ఏమైనా జరిగితే దగ్గర్లో ఆ నైట్రోజన్ బుడగలకి వైద్యం చేసే ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రి ఏది? చిరాకు పడకుండా జవాబు చెప్పినవాళ్లతో వెళ్లండి. వీపు మీద సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని మనవాళ్లంతా అంటారు, కాదు, అది మామూలు గాలే, 200 బార్ ఒత్తిడితో నింపినది.

ఒంటరిగా వెళ్లడం వేరు, ఒంటరిగా మునగడం వేరు. నీళ్లలో పక్కన ఒక బడ్డీ, అంటే తోడు డైవరు, తప్పకుండా ఉండాలి. జంటగా వచ్చినవాళ్లకి వాళ్లే ఉంటారు, మనకి సెంటర్ వాళ్లు ఎవరినో జత చేస్తారు. ఎన్ని డైవ్‌లు చేశారో నిజం చెప్పండి, ఎదుటివాళ్లనీ అడగండి. నాకు జత కలిసిన కుర్రాడు పైకి బానే మాట్లాడాడు కానీ గాలి మాత్రం నాకంటే రెండింతల వేగంతో పీల్చేశాడు. మీటర్‌లో 50 బార్ మిగిలేసరికి పైన ఉండాలన్నది నియమం, కాబట్టి అతనితో పాటు నేనూ ముందే తేలాను.

నీళ్లలోకి దిగాక గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే, ఊపిరి బిగబట్టకూడదు. మన బావి ఈతలకిది పూర్తిగా తలకిందులు. బిగబట్టి పైకి తేలితే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. ఇక మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి మళ్లీ బయటికి పంపడం నేర్పిస్తారు. ఉప్పునీళ్లు కళ్లలోకి వెళ్లగానే అందరూ కంగారు పడతారు. నాకేమీ అనిపించలేదు, ఇరవయ్యేళ్లుగా కారం పడుతున్న కళ్లు. మాస్క్ పైఅంచు వేళ్లతో నొక్కి, తల కాస్త పైకెత్తి, ముక్కుతో ఊదాను. నీళ్లు కింది నుంచి జారిపోయాయి. ఎదురుగా నిమో రీఫ్ అనే పగడాల దిబ్బ. పసుపు రంగు మెత్తటి వేళ్ల లాంటి జీవి మధ్యలోంచి చిటికెన వేలంత నారింజ చేప బయటికి వచ్చి, నా మాస్క్ గాజుని ఢీకొట్టేలా వచ్చి, మళ్లీ లోపలికి దూరింది. ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తి సూపర్ అన్నాను. నీళ్లలో ఆ సైగకి అర్థం "పైకి పోదాం" అని. ఇన్‌స్ట్రక్టర్ నన్ను బుద్ధిగా పైకి తీసుకొచ్చేశాడు. బాగుందని చెప్పాలంటే చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి.

ఆ ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాడే, తాతలది శ్రీకాకుళం. పడవలో "చెవి నొప్పెడితే దాచొద్దక్కా" అని తెలుగులో అనేసరికి నా టెన్షన్ సగం దిగిపోయింది. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు.

రూమ్ సెంటర్‌కి నడిచేంత దూరంలో తీసుకోండి. అక్కడ త్వరగా తెల్లారుతుంది, పడవ ఆరున్నరకల్లా కదులుతుంది, పొద్దున్నే ఆటో వెతుక్కునే పని ఉండదు. డబ్బు నోట్లుగా దగ్గర ఉంచుకోండి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. నేను బయల్దేరే ముందు ఏ రోజు ఎక్కడ ఉంటానో, సెంటర్ ఫోన్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి మా ఇంటి ఫ్రిజ్‌కి అంటించాను. "రాత్రి ఎనిమిదికి చేస్తాను, అప్పటిదాకా ఫోన్ కలవకపోయినా కంగారు పడకు" అని అమ్మకి చెప్పాను. కంగారు పడింది. అది వేరే సంగతి.

అమ్మ ఒక శంఖం తెమ్మంది. ఒడ్డున చచ్చిన పగడపు ముక్క దొరికినా జేబులో వేసుకోకండి. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, తిరుగు ప్రయాణంలో సంచులు వెతుకుతారు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో కొని, బిల్లు వేయించుకుని, ఆ బిల్లు శంఖం లోపలే చుట్టి పెట్టి తెచ్చాను.