సెలవుల తర్వాత తొలి వారం: కాలేజీ ఫుట్‌బాల్ శిక్షణకు వెళ్లే పిల్లలు, తల్లిదండ్రులు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, ఒకరినొకరు ఢీకొట్టే అమెరికన్ ఫుట్‌బాల్) ఆడే కుర్రాళ్లు మ్యాచ్‌లో తగిలే దెబ్బలకు సిద్ధపడే ఉంటారు కానీ, శిక్షణే ప్రాణం మీదికి తెస్తుందని ఊహించరు. 2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో, సెలవుల నుంచి అప్పుడే తిరిగి వచ్చిన ఆటగాళ్ల చేత, ఒక్కొక్కరు మోయగల గరిష్ఠ బరువులో సగం భుజాల మీద పెట్టి 100 స్క్వాట్లు (గుంజీళ్ల లాంటి వ్యాయామం) చేయించారు; 13 మంది ఆసుపత్రి పాలయ్యారు. 2017 జనవరిలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో అలాంటి కఠిన శిక్షణ తర్వాత మరో ముగ్గురు ఆసుపత్రిలో చేరగా, అక్కడి వ్యాయామ కోచ్‌ను నెల రోజులు జీతం లేకుండా పక్కన పెట్టారు. 2018 మే నెలాఖరులో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పరుగుల సాధన మధ్య వడదెబ్బ తగిలిన 19 ఏళ్ల ఆటగాడు జూన్ 13న చనిపోయాడు. ప్రధాన కోచ్ ఉద్యోగం ఆ తర్వాత పోయింది గానీ, ఆ బిడ్డ తిరిగి రాలేదు.

కాబట్టి జనవరిలోనైనా, ఆగస్టులో సీజన్‌కు ముందు జరిగే శిక్షణ క్యాంపులోనైనా తొలి వారమే అసలు గండం. సెలవుల్లో కండరాలకు పని అలవాటు తప్పుతుంది. అలాంటి కండరాల మీద ఒక్కసారిగా భారం వేస్తే వాటి కణాలు పగిలి, లోపలి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీన్నే ర్యాబ్డోమయోలిసిస్ అంటారు. పొటాషియం కూడా బయటకు వచ్చి గుండె లయను చెదరగొట్టవచ్చు. ఇది మైదానంలోనే బయటపడాలని లేదు. ఒకటి రెండు రోజుల తర్వాత తొడలు వాచి గట్టిపడడం, మెట్లు దిగలేకపోవడం, మూత్రం చిక్కటి డికాషన్ రంగులో రావడం కనిపిస్తే, మామూలు ఒళ్లు నొప్పులే అనుకుని ఐబూప్రోఫెన్ మింగి పడుకోకూడదు, ఎందుకంటే ఆ మాత్ర మూత్రపిండాలకు మరింత చేటు చేయవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ వ్యాయామం ఎంత చేశారో డాక్టరుకు చెప్పి, రక్తంలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) పరీక్ష చేయమని అడగాలి.

సెలవుల్లో ఇంటి దగ్గరే కొద్దికొద్దిగా సాధన కొనసాగించడం, తిరిగి వెళ్లాక తొలి రోజుల్లో బరువులూ పరుగులూ తగ్గించి మొదలుపెట్టడం మంచిది. జ్వరం, విరేచనాలు, నిద్రలేమి ఉన్న రోజున ఆ సంగతి ఆటగాళ్ల ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కు ముందే చెప్పాలి. ఆలస్యంగా వచ్చారనో, సరిగా ఆడలేదనో శిక్షగా అదనపు పరుగులు పెట్టే పద్ధతి నా దృష్టిలో క్రమశిక్షణ కానే కాదు. అలసిన ఒంటికి విశ్రాంతి అందవలసిన వేళ అది కొత్త భారం మోపుతుంది.

ఎండాకాలపు సాధనలో ఆటగాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కోపంతో ఊగిపోతున్నా వడదెబ్బగానే భావించాలి. ఒంటికి చెమట పడుతోంది కదా అని ధీమా పడకూడదు. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తూనే, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఐసు కలిపిన నీటి తొట్టిలో మెడ దాకా ముంచాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే తరలించడం. మేరీలాండ్‌లో ఆ తొట్టిని వాడలేదని విచారణలో తేలింది. మీ అబ్బాయి చేరే కాలేజీలో తొట్టి ఎక్కడ ఉంటుందో, దాన్ని నింపేది ఎవరో చేరే రోజునే అడగడానికి మొహమాటపడకండి.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ లక్షణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినవారికి ముప్పు మరింత ఎక్కువ. 2006లో రైస్ విశ్వవిద్యాలయంలో అలాంటి ఆటగాడు సాధన తర్వాత మరణించడంతో, 2010లో అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తొలి శ్రేణి కాలేజీల్లో ఈ పరీక్షను తప్పనిసరి చేసింది. మన గిరిజన ప్రాంతాల్లోనూ ఈ లక్షణం ఉంది గనుక, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే అక్కడి యువకులు కూడా ఈ పరీక్ష చేయించుకోవడం మేలు. పరీక్ష వద్దని సంతకం చేసే వెసులుబాటు ఎక్కడైనా ఉన్నా, దాన్ని వాడుకోవద్దు. లక్షణం ఉందని తేలితే ఆట మానేయనక్కర్లేదు. పరుగుకూ పరుగుకూ మధ్య విరామం పెంచి, కాళ్లు బలహీనపడిన క్షణంలో ఆగిపోయే హక్కు ఉంటుందని కోచ్ నుంచి ముందే మాట తీసుకోవాలి.