బ్యాచిలర్ పార్టీకి విదేశీ ఊరు ఖాయం చేసే ముందు జాగ్రత్తలు

లండన్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు పెళ్లికొడుకుతో వీకెండ్ గడపాలంటే ప్రాగ్ (చెక్ రిపబ్లిక్), బుడాపెస్ట్ (హంగేరీ), క్రాకోవ్ (పోలండ్) పేర్లే ముందు చెబుతారు. ఏది ఖాయం చేసినా ముందు ఇవి చూసుకోండి.

• వీసా. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు యూకే వీసా ఉన్నా షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) విడిగా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. మేం ప్రాగ్ వెళ్లినప్పుడు మాలో ఒకడికి వీసా అపాయింట్‌మెంటే దొరకలేదు. అక్కడి చార్లెస్ బ్రిడ్జి మీద నిలబడి ఆరుగురం వాడికి వీడియో కాల్ చేశాం. వాడు వంటింట్లో గిన్నెలు కడుగుతూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే, అందరి వీసాలూ వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌లే చేయండి.

• ఊరి రూల్స్. ప్రాగ్‌లో రాత్రి 10 తర్వాత గైడ్‌తో బార్లు తిరిగే టూర్లను 2024లో నిషేధించారు. క్రాకోవ్ షాపుల్లో అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు మద్యం అమ్మరు. బార్ల పైనే జనం నిద్రపోయే అపార్ట్‌మెంట్లు ఉంటాయి, వాళ్లను ఇబ్బంది పెట్టకండి.

• డబ్బు. ఈ మూడు ఊళ్లలో కరెన్సీ యూరో కాదు. ఏటీఎం పౌండ్లలో లెక్క చూపిస్తే వద్దని, స్థానిక కరెన్సీయే నొక్కండి.

• తాగనివాళ్లు, శాకాహారులు ఎంతమందో ముందే అడగండి. బుడాపెస్ట్‌లో సెచెనీ వేడినీటి స్నానాలు అందరికీ నచ్చుతాయి.

• తేదీ. పెళ్లికొడుకును చేసే రోజుకు కనీసం మూడు వారాల ముందే వెళ్లిరండి.