ఇనుము కలపని సీసాను కాపాడుకోవడం ఎలా?

ఒకచోటి సముద్రపు నీళ్లలో బతికే సూక్ష్మజీవులకు ఇనుము సరిపోతోందా, లేదా? దీన్ని తేల్చే పద్ధతి వినడానికి చాలా సింపుల్‌గా ఉంటుంది. ఆ నీళ్లను కొన్ని సీసాల్లో పడతాం. సగం సీసాల్లో కొద్దిగా ఇనుము కలుపుతాం, మిగతా సగాన్ని అలాగే ఉంచుతాం. వారం తిరిగేసరికి ఏవి పచ్చబడ్డాయో చూస్తాం. నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్ల చూపంతా ఇనుము కలిపిన సీసాల మీదే ఉంటుంది. నేను మాత్రం వాళ్లకు మొదట ఇనుము కలపని సీసాలే అప్పగిస్తాను. వాటికి వారం పాటు ఇనుము తగలకుండా కాపాడగలిగితే ప్రయోగం ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

ఎందుకంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. భూమి పైపొర బరువులో సుమారు 5 శాతం ఇనుమే. కానీ తీరానికి దూరంగా, నడిసముద్రంలో లీటరు పైనీటిలో కరిగి ఉండే ఇనుము చాలాచోట్ల 0.2 నానోమోల్ కూడా ఉండదు. ఒక నానోమోల్ ఇనుము 56 నానోగ్రాములు తూగుతుంది కాబట్టి, అది ఇంచుమించు 11 నానోగ్రాములు. ఇప్పుడు ఒక తుప్పు రేణువును తీసుకోండి. మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, కంటికి ఆనీ ఆననంత. అందులో ఉన్న ఇనుములో ఒక్క మైక్రోగ్రాము కరిగినా లీటరు నీళ్లలో 18 నానోమోల్ పెరుగుతుంది. ఉన్నదానికి తొంభై రెట్లు! మనం నిలబడి పనిచేసే ఓడేమో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉక్కే.

సముద్రంలో ఇంత కరువు మొదటి నుంచీ లేదు. గాలిలో ఆక్సిజన్ చేరక ముందు, అంటే సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం దాకా, సముద్రంలో ఇనుము బాగా కరిగి ఉండేది. జీవకణాల్లోని ముఖ్యమైన యంత్రాంగమంతా ఆ కాలంలోనే తయారైంది, అందుకే దానికి ఇనుము అంతగా కావాలి. కిరణజన్య సంయోగక్రియ నడిపే ఫోటోసిస్టమ్-1 లో, ఒక్కో యూనిట్‌కు 12 ఇనుము పరమాణువులు ఉంటాయి. నైట్రేట్ అనే పోషకాన్ని వాడుకునే ఎంజైములకూ ఇనుము కావాలి. గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్‌కైతే మరీ ఎక్కువ. ఆక్సిజన్ వచ్చాక ఇనుము తుప్పుగా మారి అడుక్కు దిగిపోయింది, కణాల అవసరం మాత్రం అలాగే మిగిలింది. దక్షిణ మహాసముద్రంలో, పసిఫిక్ ఉత్తర భాగంలో, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్‌లో నైట్రేట్ పుష్కలంగా ఉండి కూడా నీళ్లు పచ్చబడకపోవడం వెనక ఉన్న ముఖ్య కారణం ఇదే.

అమెరికాలోని మాస్ లాండింగ్ మెరైన్ ల్యాబ్స్‌లో జాన్ మార్టిన్ అనే సముద్ర శాస్త్రవేత్త 1980ల చివర్లో ఈ సంగతి సీసాలతోనే చూపించాడు. ఆయన గొప్పతనం ఇనుము కలపడంలో లేదు. కలపని సీసాలోకి ఇనుము రాకుండా చూడటంలో ఉంది. అంతకు ముందు తీసిన కొలతల్లో చాలావరకు ఓడ ఇనుము, పరికరాల ఇనుము కలిసిపోయి ఉండేవి.

ఇక పనిలోకి దిగుదాం. జీవులను పెంచడానికి పాలికార్బనేట్ సీసాలు, కొలతకు నీళ్లు దాచడానికి తక్కువ సాంద్రత ఉన్న పాలిథీన్ సీసాలు వాడండి. గాజు వద్దు. ముందు సబ్బు నీళ్లలో నానబెట్టాలి, తర్వాత హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో. పాలికార్బనేట్‌కు 10 శాతం యాసిడ్ చాలు, కొన్ని రోజులు ఉంచండి. నీళ్లు దాచే సీసాలను ఇంకా గాఢమైన యాసిడ్‌లో నెల రోజుల దాకా ఉంచుతారు. ఆ తర్వాత అల్ట్రాప్యూర్ నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, ఒక్కోదాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టాలి. విసుగు పుట్టే పనే, కానీ తొందరపడాల్సిన చోటు ఇది కానే కాదు. గ్లవ్స్‌కు పౌడర్ ఉండకూడదు, అందులో జింక్ ఉండొచ్చు. సన్‌స్క్రీన్ రాసుకుని సీసాల దగ్గరికి రావద్దు, చాలా వాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. మనకు కావాల్సింది ఇనుమే కదా, జింక్ సంగతెందుకు అనుకోకండి. జింక్, కోబాల్ట్, రాగి, మాంగనీస్ అన్నీ ఈ జీవుల మీద పనిచేస్తాయి. రాగి కొంచెం ఎక్కువైతే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాకు విషం.

నీళ్లు పట్టడం ఇద్దరు కలిసి చేయాలి. ఒకరివి మురికి చేతులు, ఇంకొకరివి శుభ్రమైన చేతులు అని ముందే అనుకోండి. మురికి చేతులవాళ్లు బయటి కవర్ మాత్రమే తెరుస్తారు. శుభ్రమైన చేతులవాళ్లు లోపలి కవర్ తెరిచి సీసా తీస్తారు, మూత తిప్పుతారు, కొద్దిగా నీళ్లు పోసి మూడుసార్లు పుక్కిలించినట్టు కదిపి పారబోసి, ఆ తర్వాతే నింపుతారు. అంతసేపూ మూతను బల్ల మీద పెట్టరు, లోపలి వైపు కిందికి ఉండేలా చేతిలోనే పట్టుకుంటారు. మధ్యలో ముఖం తుడుచుకున్నా, రెయిలింగ్ పట్టుకున్నా గ్లవ్స్ మార్చాల్సిందే. నీటిని ఇనుప తీగకు కట్టిన పరికరంతో తోడకూడదు. టైటానియం ఫ్రేమ్, కెవ్లార్ తాడు వాడతారు. పైనీరు కావాలంటే ఓడ పక్కనుంచి దూరంగా నీళ్లలో ఈదించే ‘ఫిష్’ అనే గొట్టంతో, ఓడ కదులుతుండగా, ప్లాస్టిక్ పంపుతో తోడుకోవచ్చు. సీసాలు నింపే గదికి ప్లాస్టిక్ షీట్లు కట్టి, ఫిల్టర్ చేసిన గాలిని లోపలికి తోస్తూ ఉండాలి.

ఇనుము కలపడం నిజంగా తేలిక. పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ కరిగించి లీటరుకు ఒక మిల్లీమోల్ ద్రావణం చేసుకోండి. దాన్ని 1 మైక్రోలీటరు వేస్తే 1 నానోమోల్ ఇనుము వేసినట్టే. లీటరు సీసాలో 2 మైక్రోలీటర్లు వేస్తే సాధారణంగా చాలు. ఇనుము కలపని సీసాలో, అంటే కంట్రోల్ సీసాలో కూడా అంతే యాసిడ్, ఇనుము లేకుండా, అదే రకం పిపెట్ టిప్‌తో వేయాలి. దీన్ని వదిలేసేవాళ్లున్నారు. అప్పుడు తేడా ఇనుము వల్ల వచ్చిందో, సీసా తెరవడం వల్ల వచ్చిందో చెప్పలేరు. ఒక్కో రకానికి కనీసం మూడు సీసాలు పెట్టండి.

మూతలను టేపుతో బిగించి, కవర్లో వేసి, డెక్ మీద నీళ్లు పారే తొట్టిలో ఉంచుతాం. తొట్టిలోకి వచ్చే నీళ్లు ఓడ గొట్టాల్లోంచి వస్తాయి కాబట్టి ఆ బిగింపు చాలా ముఖ్యం. ఎండ తగ్గించడానికి వల కప్పాలి.

ఫలితం చూసేటప్పుడు క్లోరోఫిల్ కోసం తొందరపడకండి. ముందు కదిలేది ఎఫ్‌వీ-ఎఫ్‌ఎమ్ అనే కొలత. అందిన కాంతిని కణాలు ఎంత బాగా వాడుకుంటున్నాయో అది చెబుతుంది. నీళ్లను చీకట్లో కాసేపు ఉంచి ఫ్లోరోమీటర్‌తో చూస్తారు. ఆకలితో ఉన్న కణాల్లో 0.3 అటూ ఇటూ ఉండి, ఇనుము అందాక ఒకటి రెండు రోజుల్లోనే 0.5 దాటి పెరగడం చూస్తే ఆ జీవులు ఊపిరి పీల్చుకున్నట్టే అనిపిస్తుంది నాకు. క్లోరోఫిల్ ఆ తర్వాత పెరుగుతుంది, నైట్రేట్ తగ్గుతుంది. మైక్రోస్కోప్ కింద సిలికాతో గూడు కట్టుకునే పెద్ద ఆల్గే, అంటే డయాటమ్స్, ఎక్కువవుతాయి. చిన్న కణాలూ పెరుగుతాయి గానీ వాటిని తినే ప్రోటోజోవా వెంటనే పట్టేస్తాయి. ఆర్‌ఎన్‌ఏ నమూనా తీయగలిగితే తప్పక తీయండి. ఇనుము లేనప్పుడు చాలా కణాలు ఇనుము ఉండే ఫెరిడాక్సిన్ అనే ప్రోటీన్ స్థానంలో ఇనుము అక్కర్లేని ఫ్లేవోడాక్సిన్‌ను తయారు చేసుకుంటాయి. ఆ జన్యువు జోరు తగ్గిందంటే కణానికి ఇనుము దొరికినట్టు అర్థం.

ఇంకో రకం సీసా కూడా పెట్టమని గట్టిగా చెబుతాను. సముద్రంలో కరిగిన ఇనుము దాదాపు అంతా సేంద్రియ పదార్థాలకు పట్టుకుని ఉంటుంది. వాటిలో కొన్ని, ఇనుమును పట్టుకోవడానికి బ్యాక్టీరియా స్వయంగా వదిలే సిడరోఫోర్లు. అలాంటి ఒకదాన్ని, డెస్‌ఫెర్రియాక్సమిన్-బి ని, ఎక్కువగా కలిపితే ఉన్న ఇనుమును కూడా జీవులకు అందకుండా బిగించేస్తుంది. తలసేమియా రోగుల ఒంట్లో పేరుకున్న ఇనుము తీయడానికి ఇచ్చే మందు ఇదే. ఈ సీసాలో పెరుగుదల కంట్రోల్ కన్నా తగ్గితే, కంట్రోల్‌లో ఇంకా వాడుకునే ఇనుము ఉందని తెలుస్తుంది.

అయితే సీసా సముద్రం కాదు. అందులో పెద్ద జంతువులు ఉండవు, నీళ్లు లోతుకు కలవవు. ఈ సందేహం తీర్చడానికే 1993లో గలపాగస్ దగ్గర నేరుగా సముద్రంలోనే ఇనుము పోశారు, నీళ్లు స్పందించాయి. 2009లో మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి పోలార్‌స్టెర్న్ ఓడ మీద దక్షిణ మహాసముద్రానికి వెళ్లి చేసిన లోహాఫెక్స్ అనే ఇలాంటి ప్రయోగంలో అక్కడి నీళ్లలో సిలికా తక్కువగా ఉండి డయాటమ్స్ పెరగలేదు. పెరిగిన చిన్న జీవులను కోపెపాడ్లు అనే బుల్లి రొయ్యల్లాంటి జంతువులు తినేశాయి. అందుకే మొదటి రోజే సిలికా కొలిచి రాసుకోండి.

చివరి రోజున ప్రతి కంట్రోల్ సీసా నుంచీ కొంత నీరు వడపోసి, పీహెచ్ 1.8 కన్నా తగ్గేలా శుద్ధమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి, ఇనుము కొలవడానికి దాచాలి. మొదటి రోజుకన్నా ఇనుము పెరిగిన కంట్రోల్ సీసా ఏదైనా కనిపిస్తే దాన్ని సగటులో కలపకుండా పక్కన పెట్టి, ఆ సంగతి డేటా షీట్‌లో సీసా నంబరు పక్కనే రాయండి.