కుక్క ఎందుకు నాకుతోందో పసిగట్టడం ఎలా?

కుక్క నాకితే మన ఇళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. మన మొహం నాకితే ప్రేమ, తన కాలు తాను నాకుకుంటే అలవాటు. మొదటి మాట వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. రెండో మాట అనుకుని ఊరుకోవడం వల్లే వేళ్ల సందున పుండు పడి, బొచ్చు ఊడాక గానీ కుక్క డాక్టరు దగ్గరికి చేరదు. ఉప్పుగాలి, ఉక్కపోత, ఆరని తడి ఉన్న విశాఖలో ఈ ఆలస్యానికి మూల్యం ఇంకాస్త ఎక్కువ. మూడు ప్రశ్నలు పెట్టుకుంటే సగం సంగతి తేలిపోతుంది: ఎక్కడ నాకుతోంది? ఎప్పుడు నాకుతోంది? పిలిస్తే ఆపుతోందా?

మామూలు నాకుడు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి

పుట్టిన పిల్లల కడుపు మీద, తోక కింద తల్లి కుక్క నాకితేనే అవి మూత్రం, మలం విడుస్తాయి. మొదటి రెండు మూడు వారాలు ఆ పని వాటంతట అవి చేసుకోలేవు. కాస్త పెరిగాక పిల్లలే పెద్దవాటి మూతి మూలలు నాకి తిండి అడుగుతాయి. తోడేలు పిల్లలు ఇలా నాకే పెద్దవాటి చేత తిన్నది కక్కిస్తాయి. మీరు ఆఫీసు నుంచి రాగానే ఎగిరి పెదవుల దగ్గర నాకడం ఆ పాత పద్ధతిలోంచి వచ్చిందే. ముద్దు అని మురిసిపోయేవాళ్లను నిరాశపరచాలని లేదు గానీ, దాని మూలంలో ఉన్నది 'ఏం తిన్నావు, నాకూ పెట్టు' అన్న అడుగుడే. దానికి పలకరింపు, లొంగుబాటు, చెమటలోని ఉప్పు, చేపల కూర తిన్న వేళ్ల వాసన కలిశాయి. ఆర్కే బీచ్‌లో నడిచొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే కుక్క మీ పిక్కలు పట్టుకుందంటే కారణం మరీ వెతకక్కర్లేదు.

తనను తాను నాకుకోవడంలో మామూలు హద్దు ఇది: తిన్నాక మూతి, ముందు కాళ్లు, మూత్రం పోశాక కాసేపు, పడుకునే ముందు రెండు మూడు నిమిషాలు. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తుతుంది, మళ్లీ అదే చోటికి వెంటనే వెళ్లదు.

వారం రోజులు రాసి పెట్టండి

గోడ క్యాలెండరు మీదైనా సరే, ఫోనులోనైనా సరే, నాలుగు వివరాలు రాయండి: వేళ, చోటు, ఎన్ని నిమిషాలు, దానికి ముందు ఏం జరిగింది. 'ముందు ఏం జరిగింది' అన్నదే అసలు గడి. అన్నం పెట్టాక, వాకింగ్ నుంచి వచ్చాక, ఇల్లు తుడిచాక, చుట్టాలు వచ్చాక, దీపావళి టపాసులు మోగాక... ఇలా. ఒక నిమిషం వీడియో కూడా తీయండి. క్లినిక్ బల్ల ఎక్కగానే భయంతో నాకడం మానేసే కుక్కలే ఎక్కువ, డాక్టరుకు ఆ వీడియో పనికొస్తుంది.

ఈ వారంలో తిట్టొద్దు, చెప్పు విసరొద్దు. తిడితే నాకడం మానదు, మంచం కిందికి వెళ్లి నాకుతుంది. మీ లెక్క కూడా పాడవుతుంది.

పిలిచి చూసే పరీక్ష: నాకుతున్నప్పుడు బిస్కెట్ ప్యాకెట్ గలగలలాడించండి. వచ్చి, తిని, వేరే పనిలో పడితే కాస్త నిదానించవచ్చు. తిని వెంటనే అదే చోటికి పోతే, లేదా అసలు తల ఎత్తకపోతే, దురదో నొప్పో ఉందని అనుకోవాలి. నిద్రలోంచి లేచి మరీ నాకుతుంటే అది అలవాటు కాదు.

పగటి వెలుతురులో ఒళ్లంతా చూడండి

బాల్కనీ తలుపు దగ్గర, ఒకరు మెడ దగ్గర పట్టుకుని ఇంకొకరు చూడాలి. నొప్పి లేని చోటు నుంచి మొదలుపెట్టి అనుమానం ఉన్న చోటికి చివరికి రండి. మెత్తని కుక్క కూడా పుండు ముట్టుకుంటే కరుస్తుంది.

ముందు కాలి వేళ్లను బొటనవేలితో విడదీయండి. తెల్ల స్పిట్జ్ కుక్కల్లో అక్కడి బొచ్చు తుప్పు రంగుకు తిరిగి ఉంటే చాలాకాలంగా నాకుతోందని అర్థం. ఎండిన చొంగలోని పోర్ఫిరిన్ అనే పదార్థం వేసిన మరక అది. నల్ల ల్యాబ్రడార్‌కు ఈ మరక కనబడదు, తడిమి చూడాలి. బొచ్చు బిరుసుగా, తడితడిగా, ఉండలు కట్టి తగులుతుంది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఆరని తడిబట్టలా ముక్కిపోయిన వాసన, గోళ్ల మొదట్లో గోధుమరంగు జిడ్డు ఉంటే ఈస్ట్ ఫంగస్‌ను అనుమానించాలి. వానాకాలంలో మన ఊళ్లో ఇది బాగా కనిపించే రకం.

పిడుదులు చెవి లోపలి మడతల్లో, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద దాక్కుంటాయి. ఫ్లీలు (బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే చిన్న పురుగులు) అంత తేలిగ్గా చేతికి చిక్కవు. అందుకు తడిపిన తెల్ల దూది చాలు. తోక మొదట్లో బొచ్చు దువ్వితే రాలిన నల్ల నలుసులను దాని మీద వేసి నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. ఎర్రగా, ఇటుక రంగుగా చుట్టూ పాకితే అది ఫ్లీ విసర్జించిన రక్తం. ఒక్క ఫ్లీ కూడా కనబడకపోయినా సరే, మందు వేయాల్సిందే.

చోటును బట్టి కారణం

పాదాలు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, కారణాలూ ఎక్కువే. ఒకే కాలు అయితే ఆ కాలికే ఏదో అయింది: గాజుపెంకు, ముల్లు, విరిగిన గోరు, వేళ్ల మధ్య గడ్డ. రెండు ముందు కాళ్లో, నాలుగు కాళ్లో అయితే ఒంట్లో అలర్జీ గానీ, నేల మీద ఉన్న పదార్థం గానీ. రెండో దాన్ని ముందు తేల్చుకోండి, ఖర్చు లేని పని. ఫినాయిల్‌తో తుడిచిన రోజుల్లోనే నాకుడు పెరిగిందేమో మీ పట్టికలో చూడండి. అవునని తేలితే ఫినాయిల్ మానేయండి. నేల తుడిచే మందు వేరే ఏది వాడినా ఆ రోజు మంచినీళ్లతో మరోసారి తుడిచి, నేల పూర్తిగా ఆరాకే కుక్కను వదలండి. పాదాలకు అంటుకున్న ఫినాయిల్ నాకితే కడుపులోకే పోతుంది. వేసవిలోనైతే తారురోడ్డు కూడా దోషే. అరచేతి వెనక భాగం రోడ్డు మీద 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదం మెత్తలకూ అది కాలుతుంది. రుషికొండ, ఆర్కే బీచ్ ఇసుకలో తిప్పితే ఉప్పు, ఇసుక వేళ్ల సందున ఇరుక్కుని మంట పెడతాయి.

ముందు కాలి మణికట్టు పైన ఒకే చోట, గంటల తరబడి. బొచ్చు ఊడి, చర్మం దళసరెక్కి, రూపాయి బిళ్ల అంత గట్టి మచ్చ ఏర్పడుతుంది. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. పగలంతా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే విసుగుతో మొదలవ్వచ్చు, కింద ఉన్న కీలు నొప్పితోనూ మొదలవ్వచ్చు. ఎలా మొదలైనా లోతుగా చీము పడుతుంది కాబట్టి పైపూత మందు ఒక్కటే సరిపోదు. వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాల్సి రావచ్చు.

తోక కింద నాకుతూ, పిర్రలు నేలకు రాస్తూ ఉంటే మలద్వారం పక్కన ఉండే రెండు గ్రంథులు నిండాయని అర్థం. నట్టలనే ముందుగా తలచుకుంటారు గానీ, ఈ గ్రంథుల బాధే ఎక్కువ. యూట్యూబ్ చూసి మీరే నొక్కకండి, ఒకసారి క్లినిక్‌లో చూసి నేర్చుకోండి.

మోకాలు, తుంటి నాకితే కీళ్లు. పొట్ట, చంకలు, చెవులు కూడా కలిస్తే అలర్జీ.

నేల, గోడ, సోఫా నాకితే మనసు బాగోక అనుకుంటారు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన పరిశీలనలో, ఇలా నాకే 19 కుక్కల్లో 14కు జీర్ణకోశంలో తేడా బయటపడింది. నేల నాకుతూ, గుటకలు మింగుతూ, గడ్డి కోసం పరుగెడుతుంటే అది వికారం. శిక్షకుడి కంటే ముందు డాక్టరు చూడాలి.

ఇంట్లో చేయదగినవి

వాకింగ్ నుంచి రాగానే మగ్గులో మామూలు నీళ్లు పోసి ఒక్కో పాదం ముంచి, వేళ్ల మధ్య వేలు పెట్టి కడగండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, తడి సందుల్లోనే ఉండిపోతుంది, ఫంగస్‌కు మనమే నీళ్లు పోసినట్టవుతుంది. పాత టవల్‌తో ప్రతి సందూ విడదీసి అద్ది ఆరబెట్టడం కడగడం కంటే ముఖ్యం.

ఈస్ట్ అని డాక్టరు చూసి చెబితే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం మైకోనజోల్ కలిసిన షాంపూ ఇస్తారు. వారానికి రెండుసార్లు, నురగ ఒంటి మీద పూర్తిగా 10 నిమిషాలు. గడియారం చూడండి, మనం 10 నిమిషాలు అనుకునేది చాలాసార్లు మూడే. 'షాంపూ పనిచేయలేదండీ' అనే ఫిర్యాదులో పెద్ద భాగం ఇదే.

తిండి అలర్జీ అనుమానమైతే డాక్టరు చెప్పిన ఆహారం ఒక్కటే 8 వారాలు పెట్టాలి. కుక్కల్లో అలర్జీకి ఎక్కువగా కారణమయ్యే వాటిలో గొడ్డుమాంసం, పాలు, కోడిమాంసం, గోధుమ ఉన్నాయి. చికెన్ అన్నం, పెరుగన్నం, బిస్కెట్టు పెట్టే ఇళ్లలో ఇందులో మూడు రోజూ పళ్లెంలో ఉంటాయన్నమాట. మధ్యాహ్నం నాయనమ్మ చాటుగా పెట్టే ఒక్క పెరుగు ముద్ద ఆ 8 వారాలనూ మళ్లీ మొదటికి తెస్తుంది.

పుండు మానేదాకా మెడకు కోన్ (నాకకుండా ఆపే గరాటులాంటి పట్టీ) కట్టండి. ముక్కు చివర కంటే రెండు మూడంగుళాలు బయటికి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. పొట్టి కోన్ కొని 'అయినా నాకేస్తోంది' అనడం మామూలే. కట్టు కట్టి వదిలేస్తే తడిసి కింద కుళ్లుతుంది.

పుండు మీద పసుపు, వేపనూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, కిరోసిన్, డెటాల్ రాయొద్దు. పూసింది పూసినట్టు కుక్క నాకేస్తుంది. కర్పూరం, కిరోసిన్ విషాలే. నొప్పికని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయొద్దు.

ఆగకూడని సందర్భాలు

మగ కుక్క మూత్రాంగం నాకుతూ, ముక్కుతూ, చుక్కలే పోస్తుంటే ఆ రోజే వెళ్లాలి. మూత్రం పూర్తిగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఎదకు వచ్చి వెళ్లిన రెండు నెలల్లోపు తోక కింద అదేపనిగా నాకుతూ, నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. స్రావం బయటికి రానంత మాత్రాన ఊరట పడొద్దు, లోపలే నిలిచిన రకం ఇంకా ప్రమాదం. నిన్న లేని తడి పుండు ఈరోజు అరచెయ్యంత అయినా అంతే.

మనుషులను నాకితే

చర్మం తెగకుండా ఉంటే సబ్బుతో కడుక్కుంటే చాలు. పుండు మీద, గీత మీద, కంట్లో, నోట్లో పడితే సంగతి వేరు. రేబిస్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అన్నిటికంటే తీవ్రమైన మూడో తరగతిలో పెట్టింది. అక్కడ 15 నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్లు పోసి కడిగి (కన్ను, నోరు అయితే నీళ్లతోనే), అదే రోజు విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. వీధికుక్కైనా, టీకా కార్డు ఎక్కడుందో గుర్తురాని ఇంటి కుక్కైనా ఇదే పద్ధతి. కుక్క మీ దగ్గరే ఉంటే 10 రోజులు గమనించండి, అలాగని మీ టీకాను ఆ 10 రోజులు వాయిదా వేయకండి. పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు ఉన్న ఇంట్లో మొహం, పుండ్లు నాకనివ్వొద్దు.

దీనికి తిరుగు ప్రమాదం కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: మన ఒంటి మీది మందు కుక్కకు. మోకాళ్లకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్, జుట్టుకు రాసే మినాక్సిడిల్, సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ క్రీమ్. తాతగారి మోకాలు నాకే కుక్కకు కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ రావచ్చు. రాసుకున్నాక మోకాలు కప్పేలా పైజామా కిందికి దించుకోండి, ట్యూబు చేతికందకుండా కాదు, నోటికందకుండా పెట్టండి.

ఇంత చూశాక ఆరోగ్యం బాగుందని తేలి, నాకడమే చిరాకనిపిస్తే మాన్పించడం తేలిక. నాలుక తగలగానే నవ్వకుండా, నెట్టకుండా, 'ఛీ' అనకుండా లేచి వెనక్కి తిరగండి. దానికి తిట్టు కూడా పలకరింపే. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టి ఊరుకోగానే, రెండు సెకన్లలోపు, ఒక పల్లీ గింజంత తినుబండారం ఇవ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు నాకుడు తగ్గకపోగా పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన కిటుకు ఎందుకు పనిచేయడం లేదా అని ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది కదా. ఆ రోజుల్లోనే చాలామంది విసిగి వదిలేస్తారు. ఇంట్లో ఒక్కరు 'పోనీలే పాపం' అని మొహం ఇచ్చినా, ఎక్కువసేపు నాకితే చివరికి దొరుకుతుందన్న పాఠమే దానికి పడుతుంది.